వేడి సారు లెక్కలు

"వేడి సారు పోయిండట," అన్నారు మా ఇంటాయన, తడిసిన గొడుగును గోడకు ఆనించి.

నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. ఎప్పుడని అడిగాను.

"పోయిన నెలల. హుజూరాబాదుకెళ్లి వచ్చిన మనిషి చెప్పిండు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట."

చాటలో కనిపించిన రెండు రాళ్లు తీసి పక్కన పెట్టాను. బియ్యం కడిగి ఎసట్లో పోశాను. దేవుడి ముందు దీపం వెలిగించి, ఏడుపు వస్తుందేమోనని కాసేపు అక్కడే కూర్చున్నాను. రాలేదు. అన్నం అడుగంటిన వాసన వస్తే లేచాను. ఇది జరిగి పదిహేను రోజులైంది. ఇప్పటికీ నాలో ఏదీ కదలడం లేదు. మొద్దుబారిన వేలితో బట్టను తడిమి చూస్తున్నట్టుంది. బట్ట ఉందని తెలుస్తోంది, నూలో పట్టో తెలియడం లేదు.

ఆ వార్త విన్న మర్నాడు పంపు దగ్గర ఒకామె అడిగింది. "ఎవరక్కా పోయింది? గా దొంగ లెక్కల సారేనా?"

"ఆయనే," అన్నాను.

బిందె దించుకున్నాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆయన దొంగ లెక్కలు రాయలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇక ఇద్దరమే మిగిలాం, నేనూ మా ఇంటాయనా. పంపు దగ్గర చెప్పలేకపోయాను. కాగితం మీదనైనా చెప్పగలనేమో చూస్తాను.

మందమర్రి దగ్గర బొగ్గుగనుల కాలనీలో మాదీ వేడి సారు వాళ్లదీ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న క్వార్టర్లు. మా ఇంటాయన గని ఆఫీసులో హాజరీ గుమాస్తా. పొద్దున పోతే మళ్లీ దీపాల వేళకే రావడం. నేను చెన్నూరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ కాలనీలో నాకు మొదట పరిచయమైనవి గోడ అవతలి నుంచి వినిపించే ఒక ఆడమనిషి దగ్గు, ఆ వెంటనే "జర నీళ్లు తాగు" అనే ఒక మగగొంతు.

ఆయనకు అప్పటికే యాభై దాటాయి. బక్కపలచని మనిషి, చేతులు మాత్రం పెద్దవి. ఏ గనిలో ఏ పొర నుంచి తీసిన బొగ్గు ఎంత వేడి ఇస్తుందో లాబొరేటరీలో కొలిచి పుస్తకంలోకి ఎక్కించడం ఆయన పని. అందుకే కాలనీ అంతటికీ వేడి సారు. నేను పెద్దబాపు అనేదాన్ని. వరస కలిపింది ఆయన భార్యే. "అమ్మగారు గిమ్మగారు అంటె పలుక. పెద్దవ్వా అను. మాకు ఎట్లా పిల్లల్లేరు, నువ్వే ఉండు," అంది మొదటి రోజే, మంచంలో లేచి కూర్చోవడానికి ఆయాసపడుతూ.

పెద్దబాపుకు ఒక అలవాటు ఉండేది. వేడి వస్తువు ఏది కనిపించినా దాని మీద అరచెయ్యి ఆనీ ఆననట్టు పట్టేవారు. చాయ్ గ్లాసు మీద పట్టి "డెబ్బై" అనేవారు. ఎండకు కాలిన అరుగు మీద పట్టి "యాభై రెండు, ఎక్కువుంటే యాభై మూడు" అనేవారు. మా ఇంట్లో దీపం మీద పట్టబోయి, నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "దేవునిది కొలవద్దులే," అన్నారు. వేడిగా ఉంది, చల్లగా ఉంది అన్న మాటలు ఆయన నోట వినలేదు. వచ్చింది, పోయింది, ఈ రెండే. చలికాలం పొద్దున చేతులు రుద్దుకుంటూ "ఇయ్యాల మస్తు పోయింది బిడ్డా" అనేవారు, ఒంట్లో వేడి పోయిందని.

పెద్దవ్వ ఊరుకునేది కాదు. "ఊరోళ్ల బొగ్గు వేడంత మిషన్ పెట్టి కొలుస్తడు. నాకు జ్వరమొస్తె మాత్రం ఉత్త చెయ్యి పెట్టి చూస్తడు."

"నీది కొలిస్తె థర్మామీటరు పలుగుతది," అనేవారాయన.

"పలిగితె కంపెనీది పలుగుతది. నీదేం పోయింది?"

ఆ మాటకు ఆమెకు నవ్వు వచ్చేది, నవ్వుకు దగ్గు వచ్చేది. ఆయన లేచి నీళ్లు అందించేవారు. రోజుకు ఎన్నిసార్లు జరిగేదో ఇది.

ఆయన చదువంతా హైదరాబాదులో, ఉర్దూలో. వేడిని హరారత్ అనేవారు. రసాయనాల పేర్లు ఉర్దూలో చెప్పి, నా మొహం చూసి, ఇంగ్లీషులో చెప్పి, అప్పటికీ నాకు తెలియకపోతే "మీ చెన్నూరుల ఏమంటరో నువ్వే చెప్పు" అనేవారు. ఆయన చెప్పిన వేడుల్లో కొన్నింటికి నేనే పేర్లు పెట్టాను. ఏదైనా కాలినప్పుడు వచ్చేది మంట వేడి. మూలకాలు కలిసి ఒక పదార్థం తయారైనప్పటిది పుట్టు వేడి. ఆ పేర్లు విని ఆయన సంబరపడ్డారు. "కొత్త పుస్తకాలల్ల అంతటికి కలిపి ఎంథాల్పీ అని పెట్టిండ్రట. నోరు తిరగది. నీ పేర్లే నయం."

ఇదంతా ఆయన నాకెందుకు చెప్పవలసి వచ్చిందంటే, కళ్ల వల్ల.

నేను వచ్చిన రెండో ఏడు ఆయన కళ్లకు పొర కమ్మడం మొదలైంది. ఒక రోజు పెద్దవ్వకు గంజి తీసుకుపోతే ఆయన గుమ్మంలో ఎండకు కూర్చుని ఒక సన్నటి పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చూస్తున్నారు. పుస్తకం తలకిందులుగా ఉంది. నేను తీసుకుని తిప్పి ఇచ్చాను.

"చెప్పరాదు, ఇగ దానికన్న చెప్పు," అంది పెద్దవ్వ లోపలి నుంచి.

చెప్పారు. ఆయనకు ఇంకా ఏడాదిన్నర నౌకరి ఉంది. పెద్దవ్వ ఊపిరితిత్తులకు కంపెనీ దవాఖానాలో సూదిమందు మొదలుపెట్టారు. ఏడాదిన్నర విడవకుండా వేయించుకుంటే మనిషి నిలుస్తుంది, మధ్యలో ఆగితే మొదటికి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు. కళ్లు కనిపించవని ఆఫీసులో తెలిస్తే ఆయనను ఇంటికి పంపుతారు. నౌకరి పోతే క్వార్టరు పోతుంది, దవాఖానా పోతుంది, సూదిమందు ఆగుతుంది.

"కండ్లకు ఆపరేషన్ చేపిచ్చుకోరాదుండ్రి?" అన్నాను.

"పొర ఇంక ముదరలేదన్నడు బిడ్డా. ముదిరినంక కోస్తరట. ముదిరేదాక కనపడాలె, కోసేటప్పుడు కనపడొద్దు. గిదీ నా సంగతి."

లాబొరేటరీలో థర్మామీటరు చూసి చెప్పడానికి మారుతి ఉండేవాడు. ఆదిలాబాదు అవతలి నుంచి వచ్చిన తల నెరిసిన అటెండరు, మాటలో సగం మరాఠీ. భూతద్దం పెట్టి అంకె చదివితే పెద్దబాపు పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకునేవారు. అంతవరకు నడుస్తోంది. నడవనిది ఆ తరువాతి లెక్క. గుణకారాలూ భాగహారాలూ అన్నీ లాగరిథం పట్టికలతో చెయ్యాలి. ఆ పట్టికల్లో అంకెలు చీమతలకాయలంత ఉంటాయి.

"నీకు లెక్కలు వస్తయా?"

"ఎక్కాలు వస్తయ్. బాపు పంచాంగం కట్టేటప్పుడు పట్టికలు నాతోని చదివిపిచ్చేటోడు."

చెన్నూరులో మా బాపు సిద్ధాంతి. నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే అక్షరాలూ ఎక్కాలూ చెప్పి, తన కళ్లు అలిసినప్పుడు గ్రహాల పట్టికలు నా ముందు పెట్టేవాడు. అడ్డవరసా నిలువువరసా తప్పకుండా వేలు పెట్టి చదవడం నాకు ఏడేళ్ల వయసు నుంచి అలవాటు. లాగరిథం పుస్తకం తెరిస్తే మా ఇంట్లో కూర్చున్నట్టే అనిపించింది. పది రోజుల్లో పట్టుబడింది. బడి లేని నాకు ఆ చదువు దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది. నీళ్లు వచ్చినా దణ్ణమే, ఉత్తరం వచ్చినా దణ్ణమే.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆయన కాగితం తెచ్చేవారు. నేను పొయ్యి మీద పప్పు పెట్టి, గడప దగ్గర నోటుబుక్కుతో కూర్చునేదాన్ని. జవాబు ఒక చిట్టీ మీద రాసి కాగితంతో పాటు ఇస్తే మర్నాడు మారుతి దాన్ని చూసి పుస్తకంలో ఎక్కించేవాడు. చిట్టీ పొయ్యిలో పడేది. మా ఇంటాయనకు తెలుసు. "ముసలాయనకు సాయమే గద," అన్నారు, అంతే.

పరికరం పేరు బాంబు. కాలనీ ఆడవాళ్లు ఆ మాట విని లాబొరేటరీ ఉన్న దారినే నడిచేవారు కాదు. నిజానికి అది మందపాటి ఉక్కు గిన్నె. గ్రాము బొగ్గుపొడి అందులో పెట్టి, ఆమ్లజని గాలి నింపి, మూత బిగించి, నీళ్ల తొట్టిలో దించుతారు. కరెంటు తీగతో లోపల అంటిస్తారు. బొగ్గు కాలిన వేడంతా నీళ్లలోకి వస్తుంది. నీళ్లు ఎంత వెచ్చబడ్డాయో చూసి, దాన్ని, నీళ్ల బరువుకు గిన్నె పీల్చుకునే వంతు కలిపి వచ్చినదానితో గుణించి, తీగ కాలిన వేడి తీసేసి, మధ్యలో గాలికి పోయిన వేడి కలిపి జవాబు తెస్తారు. మూత బిగించి కాల్చినదానికీ బయట గాలిలో కాలినదానికీ కొంచెం తేడా ఉంటుంది, దాన్నీ సరిచెయ్యాలి.

"ఇంత చేస్తె నీళ్లకు రెండు డిగ్రీలేనా?" అన్నాను మొదటి రోజు.

"రెండున్నర కిలోల నీళ్లు బిడ్డా. గ్రాము బొగ్గు. నిన్ను ఒక్కదాన్ని తీస్కపోయి గోదావరి తోడుమంటె ఎంత తోడుతవు?"

బొగ్గులోంచి వచ్చిన వేడికి ముందు మైనస్ గుర్తు పెట్టమంటే నాకు నచ్చలేదు. "వేడి వచ్చింది గద పెద్దబాపూ. వచ్చినదానికి మైనస్ ఏంది?"

"మనకు వచ్చింది. దానికి పోయింది. లెక్క దాని దిక్కునుంచి రాయాలె. మన దిక్కునుంచి రాసుకుంట పోతె అన్ని లాభాలే కనపడతయ్."

ఇంకో రోజు ఇంకో లెక్క చెప్పారు. అది ఆయన పనిలోది కాదు, సరదాకు. పన్నెండు గ్రాముల కర్బనం పూర్తిగా కాలితే తొంభై నాలుగు పోతుంది, వేల కాలరీల్లో. సగమే కాలితే గనుల్లో మనుషులను చంపే విషపుగాలి అవుతుంది. ఆ సగానికి ఎంత పోతుందో కొలవమన్నారు.

"సగం కాలంగనే ఆర్పి కొలవాలె," అన్నాను.

"ఆరుమంటె ఆరది. కొంత సగం కాలుతది, కొంత పూరా కాలుతది. కలగాపులగం. ఏం జేస్తవ్?"

నేను లేచి పొయ్యి మీద పప్పు కలిపి వచ్చాను.

"విషపుగాలినే తెచ్చి పూరా కాల్చు. అరవై ఎనిమిది పోతది. తొంభై నాలుగుల నుంచి తీసెయ్."

"ఇరవై ఆరు."

"గా ఇరవై ఆరును ఏ థర్మామీటరు సక్కగ చూడలె. అయినా ఉన్నది. బొగ్గు ఒక్క దుముకుల దిగనీ, రెండు మెట్లల్ల దిగనీ, మొత్తం మీద పోయేది గంతే." ఆ మాట అని ఆయన కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు. తుడిచినా ఏమీ మారదని ఆయనకు తెలుసు, అయినా తుడిచేవారు. కంటితో చూడనిది ఉందని అంత నిబ్బరంగా చెప్పిన మనిషిని మా బాపు తరువాత ఆయననే చూశాను.

ఇక నా సంగతి.

మా పుట్టింట్లో ఏ లెక్కనూ సున్న దగ్గర ఆపరు. బాపు ఎవరికైనా మామిడిపండ్లు పంపితే పదకొండు పంపేవాడు. జపం వంద అనుకుంటే నూట ఎనిమిది చేసేవాడు. సున్న దగ్గర ఆపితే ముందుకు దారి మూసినట్టు, ఒకటి కలిపితే ఇంకా ఉంది, ఇంకా వస్తుంది అన్నట్టు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు. గడప తొక్కకుండా దాటడం ఎవరు నేర్పారు?

మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఒక సాయంత్రం లెక్క మొదటిసారి సున్నతో, ఐదు వేల మూడు వందల ఎనభైగా తేలింది. ఆ రోజే పెద్దవ్వకు దగ్గులో నెత్తురు పడింది. చిట్టీ మీద ఐదు, మూడు, ఎనిమిది రాశాను. సున్న రాయడానికి చెయ్యి రాలేదు. పెద్దవ్వ చల్లగా ఉండాలి స్వామీ అనుకుని ఒకటి రాశాను. ఎనభై ఒకటి. వేల కాలరీల్లో ఒక్క కాలరీ. ఆ మాత్రానికి ఏ బొగ్గూ మంచిది కాదు, చెడ్డది కాదు.

ఆ తరువాత సున్న వచ్చినప్పుడల్లా అదే చేశాను. నోటుబుక్కులో సున్నే ఉండేది, చిట్టీ మీద ఒకటి. ఆయనకు చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. గడపకు పసుపు రాసి ఎవరికైనా చెప్పుకుంటామా?

పెద్దవ్వ కోలుకోసాగింది. జ్వరం విడిచింది. గోడ పట్టుకుని మా ఇంటిదాకా నడిచి వచ్చి, "నీ పప్పుల ఉప్పు లేదే" అని వంక పెట్టే అంతగా కోలుకుంది. సూదిమందు వల్ల అని అందరూ అనుకున్నారు. సూదిమందు వల్ల కూడా అని నేననుకున్నాను.

పదమూడు నెలలు గడిచాయి. ఇంకా అయిదు నెలలు. అప్పుడు పై ఆఫీసు నుంచి ఒక కెమిస్టు తనిఖీకి వచ్చాడు. ఎవరు ఏ రోజు పనిలో ఉన్నారో చూపడానికి మా ఇంటాయన హాజరీ పుస్తకం పట్టుకుని ఆ గదిలోకి పోవలసి వచ్చింది. అక్కడ జరిగింది నాకు ఆయన చెప్పిందే.

కెమిస్టు పుస్తకం చివరిదాకా తిరగేసి, మళ్లీ మొదటికి వచ్చాడట. "పదమూడు నెలల్లో ఒక్క సంఖ్య కూడా సున్నతో ముగియలేదు. కొలిచిన సంఖ్యలైతే పదింటికి ఒకటైనా అలా రావాలి కదా? మనసులోంచి తీసి రాసినవైతేనే ఇలా ఉంటాయి," అన్నాడట. లాబొరేటరీలో మిగిలిన కాగితాల్లోంచి మూడో గని దక్షిణపు పొరది తీసి తనే లెక్క కట్టాడు. ఐదు వేల ఆరు వందల ఇరవై వచ్చింది. పుస్తకంలో ఇరవై ఒకటి ఉంది. ఇంకొక కాగితం తీశాడు, అదీ అంతే.

"ఇది ఎవరు రాశారు?"

"సారు ఇచ్చిన చిట్టీ చూసి మీచ్ రాసిన సాహెబ్," అన్నాడు మారుతి, నేనే రాశానని. భయపడితే అతని నోట మరాఠీ ఎక్కువయ్యేది.

"లెక్కలు ఎవరు చేశారు?"

"నేనే," అన్నారు పెద్దబాపు.

"ఒకటి ఎందుకు కలిపారు?"

"తెల్వది."

పుస్తకం ఆయన చేతికి ఇచ్చి చూసుకోమన్నాడట. కళ్లకు దగ్గరగా పట్టుకుంటే సంగతి బయటపడుతుందని ఆయన దాన్ని పొట్ట దగ్గరే పట్టుకుని, చూస్తున్నట్టు తల వంచుకుని నిలబడ్డారట.

మా ఇంటాయన ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగారు. "ఒకటి ఎందుకు కలిపినవ్?"

చెప్పాను. ఆయన వెళ్లి తలుపు మూసి వచ్చారు.

"నేను పోయి చెప్పుత," అన్నాను.

"ఏమని చెప్పుతవ్? గుమాస్తా పెండ్లాం లాబొరేటరీ లెక్కలు చేసిందనా? సారుకు కండ్లు కనపడయ్ అనా? ఆయన నౌకరి నిలవది, నాది కూడ పోతది. ఊకో."

నేను ఊరుకోలేక గోడ అవతలికి పోయాను. పెద్దబాపు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు రాలే, నువ్వు చూడలే, నీకేం తెల్వది. కండ్ల సంగతి బయటపడ్డా నౌకరి పోవుడే. గిట్లయితె ఒక్క నాదే పోతది."

"అది కాదు పెద్దబాపూ, గా ఒకటి..."

"ఇప్పుడు వద్దు బిడ్డా. ఇంటికి పో."

పెద్దవ్వ నా భుజం తట్టింది. "ఫికర్ చెయ్యకు. ఈయన లెక్క ఎన్నడన్న తప్పిందా? మల్ల చూస్తరు, వాళ్లకే తెలుస్తది."

మళ్లీ ఎవరూ చూడలేదు. నెల తిరగకముందే క్వార్టరు ఖాళీ చేశారు. ఆయన తమ్ముడి కొడుకు హుజూరాబాదులో నేత పని చేసేవాడు, అక్కడికి పోయారు. బండి ఎక్కేముందు నేను ఇద్దరి కాళ్లకూ మొక్కి, "మీరు చెప్పిన చదువు ఎన్నటికి మరువను, మీ రుణం తీరది," అన్నాను. నిజమే అన్నాను. కృతజ్ఞత చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. చెప్పవలసిన రెండో మాట మాత్రం ఆ మొదటి మాట వెనకాలే దాక్కుంది. అది దాచుకోవడానికే మొదటిది అంత గట్టిగా చెప్పానేమో కూడా.

హుజూరాబాదులో సూదిమందు కొన్నాళ్లు సాగి ఆగింది. పెద్దవ్వ ఆ వచ్చే చలికాలం దాటలేదు.

ఇంకో ఏడాదికి ఆ వైపు పెండ్లికి పోయినప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ముందుగదిలో మగ్గం ఆడుతోంది. వెనక వసారాలో ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నారు. రెండు కళ్లూ పాలు పోసినట్టున్నాయి.

"ఎవరు?"

"నేనే పెద్దబాపూ."

"లాగరిథం పిల్లనా! కూసో, కూసో. తిన్నవా? ఇంటాయన మంచిగున్నడా? మారుతి ఉన్నడా, పోయిండా?"

అన్నింటికీ జవాబు చెప్పాను. ఆ తరువాత, "గా ఒకట్లు నేనే కలిపిన," అన్నాను.

"తెల్సు," అన్నారు. "నేను కలుపలె. మారుతికి కలిపే ధైర్యం లేదు. ఇగ ఎవరున్నరు? కాని ఎందుకో తెల్వలె. పట్టిక తప్పు చదివినవా, నేనే నీకు తప్పు నేర్పిననా అని రోజూ గదే పరేషాన్."

చెప్పాను. మా ఇంటి అలవాటు చెప్పాను. పెద్దవ్వ బతకాలని మొక్కుకుని కలిపానని చెప్పాను.

ఆయన వేళ్లు మోకాలి మీద కదిలాయి.

"ఎన్ని అయి ఉంటయ్?"

"నలభైకి తక్కువ ఉండయ్."

"నలభై కాలరీలు. నలభై గ్రాముల నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కుతయ్. గుక్కెడు నీళ్లు. నోట్లె పోసుకుంటె వెచ్చగైనట్టు కూడ తెల్వది."

కోపంగా అనలేదు. ఏ లెక్కకైనా జవాబు చెప్పినట్టే చెప్పారు.

"నన్ను క్షమించుండ్రి," అన్నాను.

"లెక్కల క్షమించుడు ఉండది బిడ్డా. తప్పు ఏడున్నదో దొరకాలె. దొరికింది." గోడకు తల ఆనించారు. "నేను నేర్పినదాంట్ల తప్పు లేదు. గంతే చాలు."

ఆఫీసుకు రాసి మీ పేరు నిలబెడతానన్నాను. వద్దన్నారు. "ఆమె లేనంక ఎవరి కోసం? నీ ఇంటాయన నౌకరి ఉండనీ. నేను బతికి ఉన్నన్ని దినాలు రాయకు."

రాయలేదు. ఎన్నేళ్లు గడిచినా రాయలేదు. ఆ మాట మీరకపోవడం నాకు అనుకూలంగానే ఉంది కాబట్టి మీరలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోయిన వారం పెట్టెలోంచి ఆ నోటుబుక్కులు రెండూ తీశాను. మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూశాను. సున్న వచ్చిన చోట్లు నలభై మూడు. కాగితం తీసుకుని, ఏ గని, ఏ పొర, పుస్తకంలో ఏముంది, ఏముండాలి అని వరసగా రాశాను. ఈ తప్పు లెక్క కట్టిన నాది, కొలిచిన ఆయనది కాదు అని పైన రాశాను. కన్నీళ్లు అప్పుడూ రాలేదు.

మా ఇంటాయన నిలబడి మొత్తం చదివారు.

"నా పేరు రాయలేదేంది?"

"మీ నౌకరి..."

"ఎవరి పెండ్లామో రాయకపోతె ఎవడు నమ్ముతడు? రాయి. గా దినం పుస్తకం పట్టుకొని అండ్లనే నిలబడ్డ. నోరు తెరువలె." నేను రాశాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పోస్టు వద్దు. నేనే తీస్కపోయి పై ఆఫీసుల చేతికిస్త."

ఇచ్చి వచ్చారు. తీసుకున్నవాళ్లు చదువుతారో, ఏ కట్టలోనైనా పెట్టి ముడివేస్తారో తెలియదు. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను. నలభై మూడూ రాస్తే చదివేవారికి విసుగు. ఆయన నిలబడి జవాబు చెప్పుకోలేకపోయిన ఒక్కటి రాస్తాను.

మూడో గని, దక్షిణపు పొర, గ్రాము బొగ్గుకు ఐదు వేల ఆరు వందల ఇరవై కాలరీలు.